వంకర పూసల ఉద్యోగం

మావాళ్లకు నా ఉద్యోగం అర్థం కావాలంటే ఎమల్షన్ పెయింటే దిక్కు. "గోడలకు వేయించారు కదా, ఆ డబ్బాలో కంటికి కనపడని ప్లాస్టిక్ పూసలుంటాయి. అలాంటివే చేస్తాను, కాకపోతే నావి వంకరగా ఉంటాయి" అంటాను. "వంకరవాటికి జీతమిస్తారా?" అని మా బాబాయి సందేహం. ఇస్తారు, పెన్సిల్వేనియాలో.

నేనుండేది బెత్లెహెమ్. ఇక్కడి స్టీలు ఫ్యాక్టరీలో 1995లో ఉక్కు తీయడం ఆపేశారు. బ్లాస్ట్ ఫర్నేసులు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి, వాటి ముందు ఇప్పుడు కచేరీలు జరుగుతాయి. మా రంగంవాళ్లకు ఈ ఊరు తెలిసింది లీహై యూనివర్సిటీ వల్ల. అక్కడి పరిశోధకులు షూ, ఎల్-ఆసర్, వాండర్‌హాఫ్ 1990లో ప్రచురించిన వంకర పూసల పద్ధతే మాకిప్పటికీ ఆధారం.

నీళ్లలో ఏ చుక్కయినా గుండ్రంగా ఉండాలనే చూస్తుంది. దాన్ని వంకర తిప్పడమే కష్టం. ముందు స్టైరీన్ అనే ద్రవంతో, గట్టిపడితే ప్లాస్టిక్ అయ్యేది, సీడ్ పూసలు, అంటే విత్తనాల్లాంటి మొదటి పూసలు, చేస్తాం. అందులో కాస్త డైవినైల్ బెంజీన్ కలిపితే పాలిమర్ గొలుసులు, అంటే ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువులు, ఒకదానికొకటి ముడిపడి వలలా తయారవుతాయి. ఆ పూసలకు మళ్లీ స్టైరీన్ పట్టిస్తే ఉబ్బుతాయి, లోపలి వల సాగుతుంది. అప్పుడు 70 డిగ్రీలకు వేడి చేస్తాం. సాగదీసిన రబ్బరు వేడెక్కేకొద్దీ ఇంకా గట్టిగా ముడుచుకోవాలని చూస్తుంది. ఈ వలదీ అదే గుణం. పట్టించిన స్టైరీన్‌లో కొంత బయటికి నెట్టేస్తుంది. అది ఒక పక్కన బుడిపెలా పొడుచుకొచ్చి అక్కడే గట్టిపడుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద అచ్చం రెండు గింజల వేరుశనగకాయ! ముడులు మరీ తక్కువైతే గుండుగానే మిగులుతుంది, మరీ ఎక్కువైతే స్టైరీన్ సరిగ్గా పీల్చుకోదు.

బుడిపెకు వేరే రసాయన గుణం ఇవ్వగలిగితే పూసలో ఒక సగం నీటి వైపు, మరో సగం నూనె వైపు మొగ్గుతుంది. ఇలాంటి రెండు ముఖాల రేణువుల గురించి ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త డి జెన్ 1991లో తన నోబెల్ ప్రసంగంలోనే చెప్పాడు.

చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, రోజూ చేసే పని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, సబ్బు పోయేదాకా కడగడం, స్టిర్రర్‌కు పట్టిన గడ్డలు గీకడం. రియాక్షన్ రాత్రంతా నడుస్తుంది. చలికాలంలో ఇంటికీ ఇక్కడికీ పదిన్నర గంటల తేడా కాబట్టి, ఆ కాపలా వేళల్లోనే ఫోన్లు.

మీటింగుల్లో అడిగేది ఒక్కటే, స్కేలప్, అంటే పెద్ద మోతాదులో తయారీ, ఎప్పుడని. నా టెన్షన్ అంతా అక్కడే. చిన్న సీసాలో బుద్ధిగా వచ్చే పూసలు పెద్ద రియాక్టర్లో ఒకదానికొకటి అంటుకుపోతాయి. గట్టిగా కలిపితే ఢీకొని అతుక్కుంటాయి. నెమ్మదిగా కలిపితే, ఉబ్బిన పూస నీటికన్నా తేలిక కాబట్టి పైకి తేలుతుంది, గట్టిపడ్డాక బరువెక్కి కిందికి దిగుతుంది. ఈ తేలడం, దిగడం బాధ పడలేకే వాండర్‌హాఫ్ బృందం 1980లలో తమ రియాక్టర్‌ను స్పేస్ షటిల్ ఎక్కించింది. అక్కడ తయారైన పది మైక్రాన్ల గుండ్రటి పూసలను అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 1985లో అమ్మకానికి కూడా పెట్టింది.

మా బడ్జెట్‌లో షటిల్ లేదు కనుక ఈ నెల స్టిర్రర్ వేగం తగ్గించి చూస్తున్నాం. అతుక్కోవడం తగ్గింది, తేలడం మొదలైంది.