సైన్సు ల్యాబు తాళంచెవి

ఇత్తడి తాళంచెవి, దానికో కొబ్బరితాడు ముక్క, ఆ తాడుకి ఎప్పుడూ ఏదో ఒక రసాయనం వాసన. మన 1992 బ్యాచ్ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. తొమ్మిదో తరగతిలో దసరా సెలవులయ్యాక సైన్సు సారు దాన్ని నా చేతిలో పెట్టి, "ఇక నుంచి ల్యాబు మీ నలుగురిదిరా, తెరిచేదీ మీరే, మూసేదీ మీరే" అన్నారు. ఒక్క రూలు మాత్రం చెప్పారు, దాని సంగతి తర్వాత రాస్తాను.

మన పూర్వ విద్యార్థుల సంచికకి అందరూ ఆటల గురించీ, తిన్న దెబ్బల గురించీ, ఇరానీ హోటల్లో ఒకే చాయ్ ఇద్దరం తాగిన రోజుల గురించీ రాస్తారని తెలుసు. నేను ఇరవై ఏళ్ళకు పైగా జీడిమెట్లలో మనుషులతో పని చేయించి బతుకుతున్నాను కాబట్టి, ఆ పని నాకు ఎవరు నేర్పారో రాయాలనిపించింది.

సైన్సు ఎగ్జిబిషన్ కోసం మైలుతుత్తం, అదే నీలంగా ఉండే కాపర్ సల్ఫేట్, స్ఫటికం పెంచాం, గుర్తుందా? వేడి నీళ్ళలో ఇక కరగదు అనేదాకా మైలుతుత్తం కలిపి, వడకట్టి, చల్లారాక అడుగున ఏర్పడిన పలుకుల్లోంచి అంచులు సరిగ్గా ఉన్నదాన్ని ఒకదాన్ని ఏరి, సన్న దారానికి కట్టి మళ్ళీ ఆ ద్రావణంలోనే వేలాడదీయాలి. పైన కాగితం కప్పి కదపకుండా వదిలేయాలి. రోజు రోజుకీ పెరిగేది కంటికి కనబడదు, వారానికి కనబడుతుంది. దానికి మార్కులు లేవు, సారు రమ్మనలేదు, అయినా ఆదివారాలు కూడా నలుగురం వచ్చి తాళం తీసి, ఊపిరి బిగబట్టి కాగితం ఎత్తి చూసి వెళ్ళేవాళ్ళం. మాలో ఒకడు చిలకలగూడ నుంచి సైకిల్ తొక్కుకుంటూ అందుకోసమే వచ్చేవాడు.

సంక్రాంతి సెలవులకి ముందు ఆ బీకరు కింద పడింది. నేలంతా నీలం, గోడ మీద నీలం, స్ఫటికం రెండు ముక్కలు. చప్పుడు విని హెడ్ మాస్టర్ గారు వచ్చి "ఎవడ్రా పగలగొట్టింది?" అని గద్దించారు. నలుగురం తలలు దించుకున్నాం, ఒక్కడూ నోరు విప్పలేదు. సారు ముందుకొచ్చి "నా ల్యాబులో పగిలింది సార్, నేను చూసుకుంటాను" అన్నారు. హెడ్ మాస్టర్ గారు వెళ్ళిపోయాక మావైపు తిరిగి "ఎట్లా పగిలిందిరా?" అని అడిగారు. అంతే, నలుగురం ఒకేసారి మొదలుపెట్టాం. కిటికీ అంచున పెట్టామనీ, ఎండ తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టామనీ, గాలికి అట్ట తన్నిందనీ, నిన్ననే ఒకసారి ఊగితే చూసి కూడా ఊరుకున్నామనీ, హెడ్ మాస్టర్ గారికి చెప్పని విషయాలన్నీ రెండు నిమిషాల్లో బయటికొచ్చాయి. సారు అంతా విని, "అయితే ఈసారి ఎక్కడ పెడతారో మీరే చూసుకోండి, పెద్ద ముక్కనే మళ్ళీ దారానికి కట్టండి" అన్నారు. కట్టాం. ఎగ్జిబిషన్ నాటికి మొదటిదానికంటే పెద్దదయింది.

ఇప్పుడు మా ఫ్యాక్టరీకి వస్తాను, పేరు రాయను. మాత్రల ప్యాకింగు డిపార్ట్‌మెంట్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జ్ అయిన కొత్తలో నేను సారు దగ్గర చదివినవాణ్ణని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. అరుపే నా పద్ధతి. లైన్ ఆగితే "ఎవరు ఆపారు?", స్ట్రిప్ పాడైతే "ఎవరి పని ఇది?". అరిస్తే పని జరుగుతుందనే నమ్మకం, నిజంగానే నేను హాల్లో ఉన్నంతసేపూ లెక్క బాగా వచ్చేది. ఒక రాత్రి షిఫ్టులో, మాత్రలున్న ప్లాస్టిక్ అరల మీద ఫాయిల్ అతికించే బ్లిస్టర్ మిషన్ సీలింగ్ రోలర్ వేడి తగ్గిపోయింది. ఫాయిల్ మీద పడాల్సిన గళ్ళు సన్నగా పడుతున్నాయని ఆపరేటర్ చూశాడు, చడీచప్పుడు కాకుండా వేడి పెంచుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు. వేడి తక్కువగా ఉన్న ఇరవై నిమిషాల్లో వచ్చిన స్ట్రిప్పులు మంచి వాటిలో కలిసిపోయాయి.

బ్యాచ్ చివర్లో నాణ్యత చూసే క్యూఏ వాళ్ళు లీక్ టెస్ట్ పెట్టారు. నీలం రంగు కలిపిన నీళ్ళలో స్ట్రిప్పులు ముంచి, మూత బిగించి గాలి లాగేస్తారు, కాసేపయ్యాక గాలి వదిలి స్ట్రిప్పులు తుడిచి ఒక్కొక్క అర విప్పి చూస్తారు. మూడు స్ట్రిప్పుల్లో తెల్లటి మాత్రలు నీలంగా తేలాయి. ఆ నీలం చూడగానే నాకు మన ల్యాబు నేల గుర్తొచ్చింది, నిజంగా చెప్తున్నాను. నాలుగు రోజులు డబ్బాలన్నీ విప్పించి మళ్ళీ ఏరించాం. ఆ ఆపరేటర్‌ని పక్కకి పిలిచి, అప్పుడే చెప్తే ఇరవై నిమిషాల సరుకు పక్కన పెట్టేవాళ్ళం కదా అన్నాను. "చెప్తే అందరి ముందు అరుస్తారని చెప్పలేదు సార్" అన్నాడు. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, తల వంచుకుని ఆ మాట అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత ఓపెన్ యూనివర్సిటీలో ఎంబీఏ చదువుతుంటే ఒక పాత ప్రయోగం గురించి తెలిసింది. హిట్లర్ వచ్చాక జర్మనీ వదిలి అమెరికా చేరిన మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్, తన తోటి పరిశోధకులతో కలిసి చేసిన పని, 1939లో అచ్చయింది. పదేళ్ళ మగపిల్లల్ని చిన్న చిన్న జట్లు చేసి మాస్కులు తయారుచేసే పనుల్లాంటివి ఇచ్చారు. ఒక పెద్దమనిషి అన్నీ తానే చెప్పి చేయిస్తాడు, ఒకరు పిల్లలతో మాట్లాడి నిర్ణయిస్తాడు, ఒకరు అసలు పట్టించుకోడు. పట్టించుకోని చోట పని బాగా తక్కువ. అధికారం చేసేవాడు ఎదురుగా ఉంటే పని బాగానే నడిచింది, ఆయన గది దాటగానే పడిపోయింది. కలిసి నిర్ణయించుకున్న జట్టు మాత్రం పెద్దమనిషి బయటికి పోయినా దాదాపు అట్లాగే పని చేసుకుంటూ పోయింది. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఆదివారం తాళం తీసుకుని లోపలికెళ్ళిన మా నలుగురం ఆ కలిసి నిర్ణయించుకున్న జట్టే, నా ప్యాకింగ్ హాలు అధికారం చేసేవాడి జట్టు.

జీతం సంగతి కూడా ఒక మాట. హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గర రెండు వందల మందికి పైగా ఇంజినీర్లనీ అకౌంటెంట్లనీ కూర్చోబెట్టి మాట్లాడి, 1959లో అచ్చయిన పుస్తకంలో తేల్చింది ఏమిటంటే, జీతం, పని చేసే చోటు, పై అధికారి తీరు ఇవి బాగాలేకపోతే మనిషికి కడుపు మండుతుంది, బాగుంటే ఆ మంట ఆరుతుంది, కానీ పని మీద ప్రేమ పుట్టేది మాత్రం సాధించామన్న తృప్తి, గుర్తింపు, బాధ్యత వల్ల అని. మంచి మాటే కానీ మేనేజ్‌మెంట్ మీటింగుల్లో దీన్ని సగమే చెప్తారు, నాకు అక్కడే కోపం వస్తుంది. షాపూర్‌నగర్ నుంచి ఆటోకి సొంత డబ్బులు పెట్టుకుని వచ్చే కాంట్రాక్ట్ అక్కకి 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' అని ఫోటో పెట్టి, ఓవర్‌టైం డబ్బులు రెండు నెలలు ఆపితే అది మోసమే. ముందు మంట ఆర్పాలి. నేను మొదట కొట్లాడింది ఓవర్‌టైం కోసమే, ఏడాది పట్టింది.

తర్వాత లైన్ ఆపే హక్కు ప్యాకింగ్ టేబుల్ దగ్గర కూర్చునే అక్కలకి కూడా ఇచ్చాను. టొయోటా ఫ్యాక్టరీల్లో పనివాళ్ళే లైన్ ఆపగలిగే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది, నేనేమీ కొత్తగా కనిపెట్టలేదు. మొదటి వారం ఎవరూ బటన్ ముట్టుకోలేదు. రెండో వారంలో ఒక అక్క స్ట్రిప్‌లో ఒక అర ఖాళీగా వస్తోందని ఆపి, భయంభయంగా నావైపు చూసింది. హాలంతా నావైపే చూసింది. గొంతు దాకా వచ్చిన పాత ప్రశ్న మింగేసి "ఎట్లా చూశావక్కా?" అని అడిగాను. మాత్రలు దిగే చోట పొడి పేరుకుంటోందని ఆమే చెప్పింది, ఎన్ని గంటలకోసారి తుడవాలో కూడా ఆమే చెప్పింది. ఇప్పటికీ అదే పాటిస్తున్నాం.

అన్నిటికీ మీటింగు పెట్టి అందరి అభిప్రాయం అడుగుతానని అనుకోకండి. ఒక బ్యాచ్ అయ్యాక పాత మాత్ర ఒక్కటి కూడా లైన్‌లో మిగలకుండా చూసే లైన్ క్లియరెన్స్ విషయంలో చర్చ లేదు, నేను చెప్పినట్టే జరగాలి. ఇదీ సారు దగ్గర నేర్చుకున్నదే. మొదట్లో చెప్పానే ఒక్క రూలు, అది యాసిడ్ సీసా గురించి: నీళ్ళలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు, సారు లేకుండా ఆ సీసా ముట్టుకోకూడదు. అంత మెత్తటి మనిషి ఒక్కసారి నేను ఆ సీసా మీద చెయ్యి వేస్తే బడి దద్దరిల్లేలా అరిచారు. ఆ అరుపు మీద నాకు ఈరోజుకీ కోపం లేదు.

స్ఫటికం పగిలినప్పటి చిన్న ముక్క నా దగ్గరుంది. గాలి తగిలితే తెల్లబడి పొడిరాలుతుందని సారు చెప్తే అప్పట్లోనే మా అక్క నెయిల్ పాలిష్ పూసి మాత్రల డబ్బాలో దాచాను, ఇంకా నీలంగానే ఉంది, ఈసారి కలిసినప్పుడు తెస్తాను. తాళంచెవి మాత్రం నా దగ్గర లేదు. పదో తరగతి పరీక్షలకి ముందు సారు దాన్ని వెనక్కి అడగలేదు, "ఎవరికి ఇస్తారో మీరే చూసుకోండి" అన్నారు. నలుగురం మధ్యాహ్నమంతా వాదించుకుని తొమ్మిదో తరగతిలో రెండు జడలు వేసుకుని ముందు బెంచీలో కూర్చునే అమ్మాయికి ఇచ్చాం. అమ్మా, ఇది చదువుతుంటే నువ్వు ఎవరికి ఇచ్చావో రాయి.