నెట్ మేనేజ్‌మెంట్: గ్రూప్ డైనమిక్స్‌ని ఆఫీసులో కూర్చుని చదివిన పద్ధతి

నెట్ మేనేజ్‌మెంట్ (లెక్చరర్ అర్హత కోసం రాసే యూజీసీ నెట్‌లో మేనేజ్‌మెంట్ సబ్జెక్ట్) క్లియర్ అయ్యాక నన్ను అడిగినవాళ్లలో ఎక్కువమంది అడిగింది ఒకటే, ఓబీలో (ఆర్గనైజేషనల్ బిహేవియర్, అంటే సంస్థల్లో మనుషుల ప్రవర్తన) ఆ గ్రూప్ డైనమిక్స్ దగ్గరికి రాగానే పేర్లు సంవత్సరాలు అన్నీ కలిసిపోతున్నాయి, ఎలా గుర్తుపెట్టుకున్నావ్ అని. అందుకే మిగతా యూనిట్ల జోలికి పోకుండా ఈ ఒక్క టాపిక్ గురించే రాస్తున్నా. ఏపీసెట్, టీజీసెట్ (నెట్ లాంటివే, రాష్ట్ర స్థాయివి) రాసేవాళ్లక్కూడా పనికొస్తుంది.

పేపర్ సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్పేస్తా. పేపర్ 1లో 50 ప్రశ్నలు, పేపర్ 2లో 100, ఒక్కోటి 2 మార్కులు, రెండూ కలిపి 3 గంటలు, నెగెటివ్ లేదు. మేనేజ్‌మెంట్ సిలబస్‌లో 10 యూనిట్లు, గ్రూప్ బిహేవియర్ రెండో యూనిట్‌లో ఉంటుంది. సిలబస్ కాగితం మీద చూస్తే ఒక్క లైనే, కానీ ఆ లైన్ వెనకాల ఎవరెవరో ముప్పై నలభై మంది ఉంటారు, అదే అసలు బాధ.

మెటీరియల్‌లో అందరూ ఒకేలా ఇస్తారు, ఫార్మల్ గ్రూప్, ఇన్ఫార్మల్ గ్రూప్, కమాండ్, టాస్క్, ఇంట్రెస్ట్, ఫ్రెండ్‌షిప్, తర్వాత టక్‌మన్ స్టేజీలు (గ్రూప్ ఎదిగే దశలు), తర్వాత నార్మ్స్ (గ్రూప్ తనకు తాను పెట్టుకునే రూల్స్), కోహెసివ్‌నెస్ (కలిసికట్టుతనం), అంతే. ఇవి పొద్దున చదివితే సాయంత్రానికి మాయం. నేను చేసింది ఏంటంటే ఒకే ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని పీకి పాకం పెట్టా. ఒక అమెరికన్ ఫ్యాక్టరీలో పనివాళ్ల మీద చేసిన హాథార్న్ స్టడీస్‌లో చివరిది, బ్యాంక్ వైరింగ్ అబ్జర్వేషన్ రూమ్ (ఇది డబ్బుల బ్యాంక్ కాదు, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ పరికరంలో ఒక భాగం). దాన్ని పూర్తిగా అర్థం చేసుకుంటే ఈ టాపిక్‌లో సగం దానికదే వచ్చేస్తుంది, ఇది నేను గట్టిగా నమ్మి చెప్తున్న మాట.

హాథార్న్ అనగానే మనవాళ్లంతా లైట్ల కథ చెప్పి ఆగిపోతారు, వెలుతురు పెంచినా ఉత్పత్తి పెరిగింది తగ్గించినా పెరిగింది అని. అది 1924 నుంచి 1927 దాకా జరిగింది. ఆ తర్వాత రిలే అసెంబ్లీ రూమ్, వేలమందితో ఇంటర్వ్యూలు, చివరికి 1931 నవంబర్ నుంచి 1932 మే దాకా ఈ బ్యాంక్ వైరింగ్ రూమ్. షికాగో పక్కన సిసెరోలో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీ, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ పరికరాలకి వైర్లు బిగించే పని. మొత్తం 14 మంది మగవాళ్లు, అందులో 9 మంది వైర్లు చుట్టేవాళ్లు, 3 సోల్డరింగ్ వాళ్లు, 2 ఇన్‌స్పెక్టర్లు. ఈ 9, 3, 2 గుర్తుపెట్టుకోండి.

జీతం గ్రూప్ మొత్తం చేసిన పనిని బట్టి వస్తుంది, కాబట్టి బాగా చేసేవాడు మెల్లగా చేసేవాణ్ని తొందరపెడతాడని కంపెనీ లెక్క. కానీ లోపల జరిగింది పూర్తిగా రివర్స్. రోజుకి ఇంత చేస్తే చాలు అని వాళ్లలో వాళ్లే ఒక లెక్క పెట్టుకున్నారు, మేనేజ్‌మెంట్ పెట్టిన టార్గెట్ కంటే తక్కువ. దానికి మించి చేస్తే రేట్ బస్టర్, మరీ తక్కువ చేస్తే చిజెలర్, పక్కోడి సంగతి సూపర్‌వైజర్‌కి మోస్తే స్క్వీలర్. ఇన్‌స్పెక్టర్ అయినా సరే మా మీద పెత్తనం చేయకూడదు అనేది ఇంకో రూల్. ఎవడైనా స్పీడ్ పెంచితే భుజం మీద ఒక్కటి గుద్దేవాళ్లు, దానికి బింజింగ్ అని పేరు కూడా ఉంది. కొన్ని రోజులు ఎక్కువ చేసినా తక్కువ రాయించి, దాన్ని తర్వాత తక్కువ చేసిన రోజుకి కలిపేసుకుని, కాగితం మీద ఉత్పత్తి రోజూ ఒకేలా కనపడేలా చూసుకునేవాళ్లు. నార్మ్స్, శాంక్షన్స్ (రూల్ తప్పితే పడే శిక్షలు), కన్ఫార్మిటీ (గుంపు దారిలోకి వచ్చేయడం), ఔట్‌పుట్ రిస్ట్రిక్షన్ (కావాలని పని తగ్గించుకోవడం), మన మెటీరియల్‌లో వేరువేరు హెడ్డింగుల కింద ఇచ్చేవన్నీ ఆ ఒక్క గదిలోనే ఉన్నాయి.

ఇంకోటి, ఆ గదిలోనే రెండు క్లిక్‌లు (లోపలి చిన్న గుంపులు) ఏర్పడ్డాయి, ముందు వైపు బ్యాచ్, వెనక వైపు బ్యాచ్. ఎవడు ఎంత పని చేస్తాడు అనేది వాడి తెలివితేటల టెస్ట్ స్కోర్‌తోనో చేతి చురుకుతోనో కలవలేదు, ఏ క్లిక్‌లో ఉన్నాడు అనేదాన్ని బట్టి ఉంది. నాకు ఈ పాయింట్ దగ్గరే టాపిక్ మొత్తం వెలిగింది. ఎందుకంటే అప్పుడు నేను పనిచేస్తున్న ఆఫీసులో రోజూ చూస్తున్నది ఇదే.

మాది రోజుకి ఇన్ని ఫైల్స్ ప్రాసెస్ చేయాలి అనే టైపు పని. కొత్తగా చేరినవాడు ఉత్సాహంగా రెండు మూడు రోజులు ఎక్కువ కొడితే పక్క సీట్లోంచి ఒక గొంతు వస్తుంది, ఏం బ్రో అప్పుడే టీమ్ లీడ్ అయిపోదామనా అని. నవ్వుతూనే అంటారు, కానీ వారం తిరిగేసరికి వాడి కౌంట్ అందరి కౌంట్ దగ్గరికి దిగిపోతుంది. ఎవరూ గుద్దరు, లంచ్‌కి పిలవడం మానేస్తారు అంతే. దాన్ని సోమరితనం అని కొట్టిపారేయకండి, ఈ నెల ఎక్కువ చేసి చూపిస్తే వచ్చే నెల అదే టార్గెట్ అయి కూర్చుంటుందని అందరికీ తెలుసు. సిసెరోలో వాళ్ల భయం కూడా అదే, పైగా అది గ్రేట్ డిప్రెషన్ (ఆర్థిక మాంద్యం) టైమ్, ఉద్యోగాలు పోతున్న రోజులు.

నార్మ్ అయ్యాక కోహెసివ్‌నెస్ ఈజీగా పట్టుకోవచ్చు. గ్రూప్ ఎంత కలిసికట్టుగా ఉంటే ఉత్పత్తి అంత పెరుగుతుంది అనే స్టేట్‌మెంట్ కనపడగానే కరెక్ట్ అని టిక్ పెట్టేయకండి. 1954లో సీషోర్ చూపించింది ఏంటంటే, గ్రూప్ కలిసికట్టుగా ఉండి నార్మ్ పనికి అనుకూలంగా ఉంటే ఉత్పత్తి పైకి, కలిసికట్టుగా ఉండి నార్మ్ వ్యతిరేకంగా ఉంటే కిందికి. బ్యాంక్ వైరింగ్ రూమ్ తలుచుకుంటే అసెర్షన్ రీజన్ ప్రశ్నలో (ఒక వాక్యం, దానికి కారణం ఇచ్చి రెండూ కరెక్టా అని అడిగేది) ఇది తిప్పి అడిగినా పడిపోరు.

గ్రూపులు అసలు ఎందుకు ఏర్పడతాయి అనేదానికి హోమన్స్, 1950. పనులు, కలవడాలు, మనసులో ఫీలింగ్స్, ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుతాయి అంటాడు. ఆయన మొదటి కేస్‌గా తీసుకున్నది కూడా బ్యాంక్ వైరింగ్ రూమే, చూశారా మళ్లీ అక్కడికే. మా దగ్గర అయితే క్యాబ్ రూట్. ఒకే రూట్‌లో వచ్చేవాళ్లు డిపార్ట్‌మెంట్ ఏదైనా రోజూ గంటసేపు పక్కపక్కన కూర్చుంటారు కాబట్టి నెలకల్లా ఒక బ్యాచ్ అయిపోతారు, పండక్కి ఊరెళ్లే టికెట్లు కూడా కలిసే బుక్ చేసుకుంటారు. అలాగే మేనేజర్ ఉన్న వాట్సాప్ గ్రూప్ ఒకటి, అదే జనం మేనేజర్ లేకుండా ఇంకోటి, ఫార్మల్ ఇన్ఫార్మల్‌కి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి. క్లిక్‌లలో వర్టికల్ (ఒకే డిపార్ట్‌మెంట్‌లో పై కింద హోదాలవాళ్లు), హారిజాంటల్ (సమాన హోదావాళ్లు), రాండమ్ (హోదా, డిపార్ట్‌మెంట్ తేడా లేకుండా కలిసినవాళ్లు) అని విడగొట్టింది డాల్టన్, మా చాయ్ బండి దగ్గర సెక్యూరిటీ అన్న దగ్గర్నుంచి అకౌంట్స్ మేడమ్ దాకా నిలబడే గుంపు రాండమ్ కిందకి వస్తుంది.

టక్‌మన్ గురించి నా అభిప్రాయం కొంచెం తేడా. ఫార్మింగ్, స్టార్మింగ్, నార్మింగ్, పెర్ఫార్మింగ్ 1965లో, అడ్జర్నింగ్ 1977లో జెన్సన్‌తో కలిసి చేర్చాడు, ఇది మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలగాలి. కానీ ఆయన చూసిన స్టడీస్‌లో ఎక్కువ భాగం థెరపీ గ్రూపులూ ట్రైనింగ్ గ్రూపులూ, ఆఫీసు టీములు కాదు. నిజం ఆఫీసులో నార్మింగ్ దాకా వచ్చేసరికి ఇద్దరు రాజీనామా పేపర్ వేసేస్తారు, మళ్లీ మొదటికి. డెడ్‌లైన్ ఉన్న ప్రాజెక్ట్ టీములకి 1988లో గెర్సిక్ చెప్పిన పంక్చువేటెడ్ ఈక్విలిబ్రియమే దగ్గరగా ఉంటుంది, సగం టైమ్ అయ్యేదాకా ఒకే పద్ధతిలో నడిచి సరిగ్గా మధ్యలో ఒక కుదుపు వచ్చి అప్పుడు పని పరిగెత్తడం. పరీక్షలో మాత్రం టక్‌మన్ ఆర్డరే రాయండి, వాదన పెట్టుకోకండి.

కలిసిపోయే జంటలు కొన్ని ఉంటాయి, వాటిని పక్కపక్కన పెట్టి చదవండి. సోషల్ ఫెసిలిటేషన్ అంటే నలుగురు చూస్తుంటే వచ్చిన పని ఇంకా బాగా చేయడం, ట్రిప్లెట్ 1898 సైకిల్ రేసులు. సోషల్ లోఫింగ్ అంటే గుంపులో పడి మన వంతు తగ్గించడం, రింగెల్‌మన్ తాడు లాగుడు. గ్రూప్‌థింక్ అంటే గ్రూప్‌లో ఏకాభిప్రాయం చెడకూడదని ఎవరూ ఎదురుచెప్పకుండా నిర్ణయానికి వచ్చేయడం, జానిస్, 1972, ఉదాహరణ 1961లో కెన్నెడీ టీమ్ చేసిన బే ఆఫ్ పిగ్స్ (క్యూబా మీద విఫలమైన దాడి). గ్రూప్‌షిఫ్ట్ వేరు, అందరూ కలిసి తీసుకుంటే నిర్ణయం ముందే ఉన్న మొగ్గు వైపు ఇంకా అంచుకి జరగడం, స్టోనర్ 1961. యాష్ గీతల ప్రయోగాన్ని గ్రూప్‌థింక్ కింద వేసేస్తుంటారు కొందరు, అది కన్ఫార్మిటీ, అక్కడ గ్రూప్ ఏ నిర్ణయమూ తీసుకోవట్లేదు, పక్కవాళ్లు తప్పు చెప్తుంటే ఒక్కడు ఏం చేస్తాడు అనేదే చూశారు.

అందరూ వదిలేసేది ఒకటుంది, మన దేశంలో జరిగింది కాబట్టి నాకు ఇష్టం కూడా. కథ మొదలైంది మాత్రం ఇంగ్లాండ్‌లో. టావిస్టాక్ (లండన్‌లోని పరిశోధన సంస్థ) వాళ్లలో ట్రిస్ట్, బామ్‌ఫోర్త్ 1951లో ఇంగ్లాండ్ బొగ్గు గనుల మీద రాశారు, కొత్త మెషిన్లు వచ్చి పాత చిన్న చిన్న గ్రూపులు విడిపోయాక పని ఎలా దెబ్బతిందో. అదే సంస్థకి చెందిన ఎ.కె. రైస్ 1953లో అహ్మదాబాద్ కాలికో మిల్స్‌కి వచ్చాడు. ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఉత్పత్తి అనుకున్నట్టు లేదు, ఎవరి చిన్న ముక్క వాళ్లు చేస్తూ మొత్తానికి ఎవరూ బాధ్యులు కాని పరిస్థితి. ఒక గ్రూప్‌కి కొన్ని మగ్గాలు అప్పగించేసి లోపల పని వాళ్లే సర్దుకునేలా మార్చాక ఉత్పత్తి పెరిగింది, బట్ట డ్యామేజ్ తగ్గింది. మ్యాచింగ్ (జతపరచండి) ప్రశ్నలో సోషియో టెక్నికల్ సిస్టమ్ (మెషిన్లనీ మనుషుల గ్రూపుల్నీ కలిపి చూడాలనే ఆలోచన) ఎదురుగా ట్రిస్ట్ పేరు చూస్తే వీళ్లు గుర్తొస్తారు.

నోట్స్ విషయానికొస్తే, ఈ టాపిక్ మొత్తం నాకు ఒక్క ఏ4 కాగితం రెండు వైపులా సరిపోయింది, ఎడమ పక్క పేరు సంవత్సరం, కుడి పక్క మా ఆఫీసులో ఆ థియరీకి సరిపోయే మనిషి నిక్‌నేమ్. ఆ కాగితం మాత్రం ఫోటో తీసి ఎవరికీ పంపలేను, అర్థం చేసుకోండి. పాత పేపర్లు ఎన్‌టీఏ (నెట్ పరీక్ష పెట్టే సంస్థ) వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఓబీ ప్రశ్నలు విడిగా ఏరుకుని ముందు వాటిని చేసి తర్వాత మాక్‌లకి వెళ్లండి.