సైంధవుడి సంగతేంటి?

ఆదివారం.

పొద్దున పదింటికి అమ్మ డబ్బాలో రెండు కిలోల శనగపప్పు పోసి పిండిమరకు పంపింది. "ముందువాళ్లు ఏం ఆడించారో కనుక్కో. మొదట పడే రెండు గుప్పిళ్లు వేరే సంచిలో పట్టించు" అని ఆర్డరు. వెళ్లేసరికి నాకంటే ముందు నాలుగు డబ్బాలున్నాయి, కరెంటేమో అప్పుడే వచ్చింది. బల్ల మీద కూర్చుని ఫోన్ తీసి ఏఓ3 తెరిచాను. అసలు పేరు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్. అభిమానులే నడుపుకునే ఫ్యాన్‌ఫిక్షన్ సైటు, అంటే ఉన్న కథల మీద అభిమానులు అల్లుకునే కొత్త కథల సైటు, 2009 నుంచి ఉంది. అందులో మహాభారతం మీద కూడా బోలెడు కథలుంటాయి, నేను వెళ్లేది ఆ పేజీకే.

తెరవగానే పైనే కనిపించింది, అభిమన్యుడి కథ. పద్మవ్యూహంలోంచి అతను ప్రాణాలతో బయటికొచ్చే కథ. పదహారో అధ్యాయం పడింది. నేను చదివింది పదమూడే! మూడు వారాలుగా, పాపం రాసేవాళ్లకి ఏమైందో, మధ్యలో ఆపేశారేమో అని బాధపడుతున్నాను. వాళ్లు శనివారం శనివారం రాస్తూనే ఉన్నారు. నాకే కనపడలేదు.

మర హోరులో ఆలోచిస్తే వెలిగింది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, ఎక్కవు. కాబట్టి ఫోన్‌లో నాకు నచ్చని కథల్ని దాచే వడపోత ఏదీ లేదు. అదంతా ల్యాప్‌టాప్‌లోనే. అంటే కథని దాచేసింది నా వడపోతే.

ఇంటికొచ్చి పిండి డబ్బా వంటింట్లో పెట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. టాంపర్‌మంకీ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని, దాని మీద ఏఓ3 సేవియర్ అనే చిన్న స్క్రిప్టు నడుపుతున్నాను. వద్దనుకున్న ట్యాగులు (కథలో ఏముందో చెబుతూ రాసినవాళ్లు తగిలించే మాటలు), రచయితల పేర్లు, కథ పరిచయంలో రాకూడని మాటలు దాని జాబితాలో రాసిపెడితే, ఆ కథల్ని మడిచేసి, ఎందుకు మడిచిందో ఒక్క ముక్కలో చెబుతుంది. పక్కన 'చూపించు' అని బటన్ కూడా ఉంటుంది. మరీ చూడాలనిపిస్తే నొక్కొచ్చు. నా జాబితా పెద్దదే. సూపర్ హీరోలు కురుక్షేత్రంలో దిగే కథలు వద్దు. కర్ణుడు కాఫీ షాపు నడిపేవి వద్దు. అన్నదమ్ముల మధ్య ప్రేమకథలు అసలే వద్దు. ఎవరి ఇష్టం వాళ్లది, రాసుకోనీ. నా కంట పడకపోతే చాలు.

మూడు వారాల కిందట ఆఫీసులో ఓ దరిద్రపు రోజు గడిచాక, కాస్త నవ్వుకుందామని ఘటోత్కచుడి కథ ఒకటి తెరిచాను. చివర్లో చంపేశారు. ముఖ్య పాత్ర చనిపోతే హెచ్చరిక పెట్టడానికి ఆ సైటులో ప్రత్యేకంగా ఒక గడి ఉంది, అది పెట్టలేదు. ఎందుకంటే వాళ్ల లెక్కలో ఘటోత్కచుడు ముఖ్య పాత్ర కాదట! ట్యాగుల తోక చివర మాత్రం 'ఘటోత్కచ డైస్', అంటే ఘటోత్కచుడు చనిపోతాడు, అని ఇంగ్లీషులో ఉంది. ఒళ్లు మండి, 'డైస్' అన్న మాటకు ముందో నక్షత్రం గుర్తు (*), వెనకో నక్షత్రం గుర్తు తగిలించి జాబితాలో పడేశాను. అంటే ఆ మాట ఎక్కడున్నా సరే, దాచెయ్ అని. అంతటితో ఆగానా? మడిచిన కథల గుర్తులు పేజీ నిండా అట్టల్లా కనిపిస్తున్నాయని, అవీ చూపించొద్దని సెట్టింగ్ మార్చాను. అది చేయకుండా ఉండాల్సింది. గుర్తు ఉండుంటే మొదటి ఆదివారమే పట్టుకునేదాన్ని.

ఇంతకీ అభిమన్యుడి కథకున్న ట్యాగు ఏంటంటే, 'ఎవ్రీవన్ లివ్స్/నోబడీ డైస్'. ఎవరూ చావరు మొర్రో అని రాసినవాళ్లు మొత్తుకుంటుంటే, నా స్క్రిప్టు 'డైస్' చూసి తలుపేసింది.

దాన్నీ తప్పుపట్టలేం, అది అక్షరాలు మాత్రమే చూస్తుంది. సైటు సొంత వడపోత వేరే రకం. అక్కడ ట్యాగ్ రాంగ్లర్లని వాలంటీర్లుంటారు. ఒకరు అర్జున్ అని, ఒకరు అర్జున అని రాస్తే, రెండూ ఒకటేనని కూర్చుని కలుపుతారు. కుడి పక్క ఫిల్టర్‌లో ఒక ట్యాగు వద్దంటే దాని మారుపేర్లన్నీ పోతాయి. కాకపోతే ప్రతిసారీ మళ్లీ ఎంచుకోవాలి, లేదా వడపోసిన ఆ లింకునే బుక్‌మార్క్ చేసుకోవాలి. ఆ బద్ధకానికే నేను స్క్రిప్టు పట్టుకున్నాను.

సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది. స్క్రిప్టులో 'ఇది ఉంటే ఎప్పుడూ దాచకు' అనే ఇంకో జాబితా ఉంది, అందులో 'ఎవ్రీవన్ లివ్స్/నోబడీ డైస్' అని ట్యాగు మొత్తం చేర్చాను. గుర్తులు మళ్లీ కనిపించేలా పెట్టాను. పేజీ తెరిస్తే పదకొండు అట్టలు. అట్టలుంటే ఉండనీ.

అమ్మ హాల్లో సీరియల్ చూస్తూ, "ఇందాకట్నుంచీ ఏం చేస్తున్నావే?" అంది. చెప్పాను. "నచ్చనివి చదవకుండా వదిలేస్తే పోలా?" అంది. అనేటప్పుడు చేతిలో రిమోట్ ఉంది, టీవీలో కోడలు ఏడుస్తోంది, శబ్దం లేదు. ఏడుపు సీన్ రాగానే అమ్మ మ్యూట్ నొక్కేస్తుంది, ఎన్నేళ్లుగానో ఇదే అలవాటు. అదేమిటి మరి అంటే, "ఇది వేరు" అంది.

అభిమన్యుణ్ణి బతికించే కథ అంటే తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. శశిరేఖ పెళ్లి కథ వ్యాసుడి భారతంలో ఉందా ఏమిటి, మనవాళ్లు ఎప్పుడో మొదలుపెట్టారు ఈ పని. కానీ సాయంత్రం కొత్త పిండితో మిరపకాయ బజ్జీలు వేస్తూ, జారగా కలిసిందని కాస్త వేరే పిండి వేసి, ఉన్నట్టుండి అడిగింది.

"అభిమన్యుడు బతికితే మరి సైంధవుడి సంగతేంటి? పొద్దు వాలేలోగా చంపుతానని అర్జునుడు ఒట్టెందుకు పెట్టుకుంటాడు?"

నిజమే, నాకు తట్టలేదు. రాత్రి మూడు అధ్యాయాలూ ఒక్క బిగిన చదివేశాను. స్క్రీన్ మీద పొద్దుటి పిండి వేలిముద్ర ఇంకా ఉంది. పదహారో అధ్యాయం చివర్లో సైంధవుడు ఎవరికీ చెప్పకుండా రథం ఎక్కాడు, ఎటో తెలీదు.

అమ్మకి అదే చెప్పాను. "శనివారం పడ్డాక చెప్పు" అంది.