సోడియం ఎక్కడికి పోయింది?

ఆల్బైట్ అనే సోడియం ఫెల్డ్‌స్పార్ ఖనిజంలో సోడియం ఆక్సైడ్ 11.8 శాతం ఉండాలి. మైక్రోప్రోబ్ (ఎలక్ట్రాన్ బీమ్ వేసి, వచ్చే ఎక్స్-రేలను లెక్కించి ఖనిజం కూర్పు చెప్పే పరికరం) 9 చూపిస్తే స్టాండర్డ్‌ని (పోల్చుకునే, కూర్పు తెలిసిన నమూనాని) తిట్టే ముందు బీమ్ సెట్టింగ్ చూడండి.

15 కిలోవోల్టులు, 20 నానోఆంపియర్లు, 1 మైక్రాన్ చుక్క. ఒలివిన్ ఖనిజం ఈ సెట్టింగ్‌ను హాయిగా తట్టుకుంటుంది. ఆల్బైట్ తట్టుకోదు, అగ్నిపర్వత గాజు అసలే తట్టుకోదు. ఎలక్ట్రాన్లు ఉపరితలం కింద ఒకటి రెండు మైక్రాన్ల లోతున చిక్కుకుని రుణావేశం పోగుపడుతుంది, సోడియం అయాన్లు అటు జారిపోతాయి. కార్బన్ పూత దీన్ని ఆపలేదు, అది పైపై చార్జిని మాత్రమే తీసేస్తుంది. సోడియం ఖాళీ చేసిన చోట సిలికాన్, అల్యూమినియం కౌంట్లు (లెక్కకొచ్చే ఎక్స్-రేలు) పెరుగుతాయి.

నీరున్న రయోలైట్ (సిలికా ఎక్కువున్న లావా) గాజుతో ఇంకా తంటా. కొలిచిన ఆక్సైడ్ల మొత్తం 100 శాతానికి ఎంత తగ్గితే అంత నీరని రాసేస్తుంటారు కదా, పోయిన సోడియం కూడా ఆ నీళ్లలో కలిసిపోతుంది!

గాజుకైతే కరెంటు 5 నానోఆంపియర్లకు దించి, బీమ్‌ను 10–20 మైక్రాన్లకు వెడల్పు చేయాలి. సోడియం మొదటి వరసలోనే కొలవాలి. ఫోకస్ సరిచూసిన చోటే కొలవకూడదు, అక్కడ నష్టం అప్పటికే జరిగిపోయింది. చిన్న మెల్ట్ ఇన్‌క్లూజన్‌లో (స్ఫటికంలో చిక్కుకున్న శిలాద్రవపు బొట్టులో) వెడల్పు బీమ్ పట్టదు. అప్పుడు కొన్ని సెకన్లకోసారి కౌంట్లు నమోదు చేసి, ఆ గీతను సున్నా సమయానికి వెనక్కి పొడిగించడమే దారి.

అపటైట్ అనే ఫాస్ఫేట్ ఖనిజంలో ఫ్లోరిన్‌ది మరో తీరు. స్ఫటికం సి-అక్షం (పొడవు దిశ) బీమ్‌కు సమాంతరంగా ఉంటే కౌంట్లు ముందు పెరిగి తర్వాత పడిపోతాయి. మొదటి రీడింగ్ ఎక్కువొచ్చిందని సంబరపడొద్దు. అక్షం బీమ్‌కు లంబంగా ఉన్న గింజలే ఏరుకోండి.