పాయింట్ వన్ కెఎంపీఎల్

నెల్లూరుకి కరెంటు బస్సులు వస్తున్నాయని పేపర్లో పడినప్పటి నుంచీ మా వీధిలో అందరూ నన్నే అడుగుతున్నారు. "ఏం మామా, ఇంక మీ డీజిలు బస్సులన్నీ తుక్కుకేనా?" అని. ఆర్టీసీ గ్యారేజీలో శ్రామిక్‌గా చేరి మెకానిక్‌గా రిటైరైనవాణ్ని కదా, నాకు తెలియకుండా ఉంటుందా అని వాళ్ల నమ్మకం. ఒక్కొక్కరినీ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పేకంటే ఇక్కడ రాసేస్తే నయమనిపించింది.

2023 ఆగస్టులో కేంద్రం పీఎం-ఈబస్ సేవ పథకానికి ఆమోదం తెలిపింది. దేశం మొత్తానికి 10,000 కరెంటు బస్సులు. మన రాష్ట్రం నుంచి విజయవాడ, విశాఖ, గుంటూరు, తిరుపతి లాంటి ఊళ్లతో పాటు నెల్లూరు కూడా ఆ జాబితాలో ఉంది. నాకు చాలా సంతోషం. అయినా అడిగినవాళ్లకి నేను మొదట చెప్పేది మాత్రం పాయింట్ వన్ గురించి.

ఆర్టీసీలో పనిచేయనివాళ్లకి ఈ మాట కొత్త కావచ్చు. లీటరు డీజిలుకి బస్సు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో ఆ లెక్కని కెఎంపీఎల్ అంటాం. డ్రైవర్ దగ్గర్నించి డిపో మేనేజర్ దాకా ఎవర్ని నిద్రలో లేపి అడిగినా ఆ అంకె చెప్తారు. బాగా తెచ్చిన డ్రైవర్లకి సన్మానం కూడా చేస్తారు. బయటివాళ్లు దీన్ని డబ్బు లెక్క అనుకుంటారు. నిజమే, కానీ పొగ లెక్క కూడా అదే.

వంద బస్సులున్న డిపో ఒకటి ఉందనుకోండి. ఒక్కో బస్సు రోజుకి 350 కిలోమీటర్లు తిరుగుతుంది, లీటరుకి 5 కిలోమీటర్లు వస్తుంది. రోజుకి 7,000 లీటర్లు కావాలి. ఆ 5ని 5.1 చేయగలిగితే రోజుకి 137 లీటర్లు మిగులుతాయి. ఏడాదికి 50,000 లీటర్లు. లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అంటే ఒక్క కొత్త బస్సు కూడా కొనకుండా, ఒక్క డిపోలో, ఏడాదికి 130 టన్నులకు పైగా ఆపినట్టు. పాయింట్ వన్ అంటే అంత.

ఆ పాయింట్ వన్ ఎక్కువగా చక్రాల దగ్గరే దొరుకుతుంది. రాత్రి బండి లైన్ నుంచి రాగానే పానాలు పట్టుకునే ముందు ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూడాలి. చక్రం లోపలి బ్రేక్ డ్రమ్ముకి ఆనించకూడదు, కాలుతుంది. నాలుగు వేళ్ల ఎడంలో పెడితే చాలు. అన్నీ ఒకే వేడిలో ఉంటే సరే. ఒక్కటి మాత్రం సెగ కొడుతోందంటే అక్కడ బ్రేక్ పట్టేస్తోందని అర్థం. డ్రైవర్ కాలు తీసినా లైనర్, అంటే బ్రేక్ పట్టీ, డ్రమ్మును వదలడం లేదు. అలాంటి బండి ఉదయగిరి వెళ్లి వచ్చిందంటే దారి పొడుగునా కొద్దిగా బ్రేక్ నొక్కుకుంటూ పోయినట్టే లెక్క. జాకీ ఎత్తి, చక్రాన్ని చేత్తో ఒక్క తిప్పు తిప్పి వదిలి, అది ఎలా ఆగుతుందో చూసి జబ్బేంటో చెప్పే సీనియర్లు మాకుండేవాళ్లు. నేను నేర్చుకున్నది వాళ్ల దగ్గరే.

తర్వాత గాలి. వెనక జంట టైర్లలో లోపలి టైరు కంటికి ఆనదు. దాన్లో గాలి తగ్గితే బరువంతా బయటి టైరు మీద పడుతుంది, అదీ త్వరగా పాడవుతుంది, డీజిలూ ఎక్కువ తాగుతుంది. కాబట్టి వంగి, చెయ్యి దూర్చి గేజ్ పెట్టాల్సిందే. మెట్ట ప్రాంతం బండ్లకైతే ఎయిర్ ఫిల్టర్ ఇంకో పెద్ద పని. పామూరు, కనిగిరి వైపు దుమ్ము అలాంటిది. ఫిల్టర్ మూసుకుపోతే ఇంజన్‌కి ఊపిరాడదు, నల్లపొగ మొదలవుతుంది. రోడ్డు మీద బస్సు నల్లగా పొగ కక్కుతుంటే జనం డ్రైవర్‌ని తిట్టుకుంటారు గానీ, ఆ పొగ ముందురోజు రాత్రి గ్యారేజీలోనే ఆగాల్సింది.

గుండైన టైరును పారేయరు. లోపలి కట్టు గట్టిగా ఉంటే రీట్రెడింగ్ చేసి, అంటే పైన కొత్త రబ్బరు పొర వేసి, మళ్లీ వెనక చక్రాలకి వేస్తారు. ముందు చక్రాలకి మాత్రం కొత్తవే, అక్కడ రాజీ లేదు. ఒక్క టైరు అలా మళ్లీ మళ్లీ పనికొస్తుంటే ఎంత రబ్బరు, ఎంత ముడిచమురు మిగులుతుందో ఆలోచించండి. ఇవన్నీ పొదుపు కోసం మొదలైన పనులే. పర్యావరణం అన్న మాట మా గ్యారేజీల్లో వినపడకముందు నుంచే జరుగుతున్నాయి.

ఇంకో లెక్క. లీటరుకి 5 వచ్చే బస్సులో యాభై మంది ఉంటే, మనిషికి కిలోమీటరుకి 11 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. లీటరుకి 50 వచ్చే మోటార్ సైకిల్ మీద ఒక్కడే పోతే 46 గ్రాములు. ఆ మనిషి బండి ఇంట్లో పెట్టి బస్సెక్కితే నాలుగింట మూడు వంతులు అక్కడే తగ్గిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది కదా, నేను దాన్ని పర్యావరణ పథకంగా కూడా చూస్తాను. నిండిన బస్సుకి కమాన్ కట్టలు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలు, త్వరగా పోతాయి, గ్యారేజీకి పని పెరుగుతుంది. పెరగనివ్వండి. మనుషుల్ని పెట్టండి, విడిభాగాలు ఇవ్వండి. బస్సు మధ్యదారిలో ఆగిందంటే అందులో వాళ్లు రేపు ఆటోయే ఎక్కుతారు.

ఇక కరెంటు బస్సుల సంగతి. మా పెద్దమ్మాయి చెన్నైలో పెరంబూరులో ఉంటుంది. ఆ పక్కనే వ్యాసర్పాడి డిపో. చెన్నై సిటీ బస్సులు నడిపే సంస్థ ఎంటీసీకి మూడువేలకు పైగా బస్సులున్నాయి. 2025 జూన్ 30న వ్యాసర్పాడి నుంచి 120 లోఫ్లోర్ కరెంటు బస్సులు మొదలుపెట్టారు. అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు పని లేకపోయినా ఎక్కి తిరిగాను. ఒక ముసలామె మోకాళ్లు పట్టుకోకుండా నేరుగా లోపలికి అడుగేసింది. మన పల్లెవెలుగు మెట్లు ఎక్కలేక అవస్థపడే అవ్వల్ని చూసీ చూసీ ఉన్నానేమో, నాకు కళ్లు చెమర్చాయి. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ అదురు లేదు, వెనక సీట్లో వాళ్ల మాటలు వినపడుతున్నాయి.

తిరుమలలో ఇంకా ముందే, 2022 సెప్టెంబరులోనే వచ్చాయి. తిరుపతి నుంచి నెల్లూరుకీ కొన్ని నడిపారు. కొండ దిగేటప్పుడు నేను డ్రైవర్ వెనక సీట్లోనే కూర్చున్నాను. డీజిలు బస్సులో దిగితే మలుపు మలుపుకీ లైనర్ కాలిన వాసన వస్తుంది. ఇందులో ఆ వాసన లేదు. డ్రైవర్ యాక్సిలేటర్ వదలగానే మోటారే జనరేటర్‌గా మారి బండిని పట్టి ఉంచుతుంది, ఆ శక్తి మళ్లీ బ్యాటరీకే వెళ్తుంది. ఢిల్లీ మెట్రో ఇదే పద్ధతిని రైళ్లలో వాడి, 2007లో ఐక్యరాజ్యసమితి దగ్గర కార్బన్ క్రెడిట్లకి, అంటే తగ్గించిన కాలుష్యానికి దక్కే అమ్ముకోదగ్గ గుర్తింపుకి, నమోదైంది. గ్యారేజీ మనిషిగా నాకు నచ్చింది ఇంకోటి ఉంది: లైనర్లు తక్కువ అరుగుతాయి, ఆ దుమ్ము జనం ముక్కుల్లోకి పోదు. టైర్లు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. బ్యాటరీ బరువుకి, మోటారు లాగుడుకి అవి ముందే అరుగుతాయి.

ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. నెల్లూరులో మనం వాడే కరెంటు గురించి మనకి తెలిసిందే. ముత్తుకూరు దగ్గర నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ స్టేషన్, 800 మెగావాట్ల యూనిట్లు మూడు, అన్నీ బొగ్గువే. కరెంటు బస్సుకి కిలోమీటరుకి ఇంచుమించు ఒక యూనిట్ ఖర్చవుతుంది. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనక సగటున 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంది. డీజిలు బస్సుకి కిలోమీటరుకి 540 గ్రాములు. కాబట్టి నెల్లూరు నడిబొడ్డున గాంధీబొమ్మ దగ్గర పొగ పోయినా, నేలటూరు చిమ్నీ దగ్గర అది ఇంకో రూపంలో ఉంటుంది. ట్రంకు రోడ్డులో నడిచే పిల్లల ఊపిరితిత్తులకి మేలు జరుగుతుంది, అది చిన్న మేలు కాదు. ఆ మేలు నేలటూరు వైపు ఊళ్లవాళ్ల మీద బరువు కాకూడదని నా తపన.

దారి లేకపోలేదు. మనకి రోళ్లు పగిలే ఎండ ఉంది. డిపోల్లో రేకుల షెడ్లు ఎంత విశాలంగా ఉంటాయో లోపల పనిచేసినవాళ్లకి తెలుసు. వాటి మీద సోలార్ పలకలు వేయాలి. బస్సులన్నీ రాత్రే ఛార్జింగ్ పెడితే ఆ పలకలు వాటికి ఉపయోగపడవు, రాత్రికి ఎండుండదు కదా. టౌన్ బస్సులకి పొద్దున రద్దీ, సాయంత్రం రద్దీ, మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా కాస్త ఖాళీ. ఆ వేళలో బండ్లని వంతులవారీగా లోపలికి పిలిచి ఛార్జ్ చేసేలా షెడ్యూళ్లు వేయాలి. ఇది టైం టేబుల్ వేసేవాళ్ల చేతిలో ఉన్న పని.

నాకు ఎక్కువ దిగులు మాత్రం మనుషుల గురించి. చెన్నైలో ఆ కొత్త బస్సులు కంపెనీవి, డ్రైవర్లు కంపెనీ వాళ్లు, రిపేర్లూ వాళ్లవే. కండక్టర్ ఎంటీసీ మనిషి. కిలోమీటరుకి ఇంత అని ఎంటీసీ కడుతుంది. పీఎం-ఈబస్ పద్ధతి కూడా కిలోమీటరు లెక్కే. పెట్టుబడి భారం తగ్గుతుంది, ఒప్పుకుంటాను. అయితే చక్రం దగ్గర చెయ్యిపెట్టి జబ్బు చెప్పే మనుషులు ఆ గేటు బయటే ఉండిపోతే, కాంట్రాక్టు ముగిసేనాటికి డిపోలో ఆ బండ్ల గురించి తెలిసినవాళ్లే ఉండరు. కరెంటు బస్సుకీ బ్రేకులున్నాయి, బేరింగులున్నాయి, టైర్లున్నాయి. అక్కడా పాయింట్ వన్ ఉంది, యూనిట్లలో ఉంటుంది అంతే. మన మెకానిక్‌లకీ, ఐటీఐ నుంచి వచ్చే అప్రెంటిస్ పిల్లలకీ హైవోల్టేజీ పని మొదటి రోజు నుంచే నేర్పించాలని ఒప్పందంలో రాయించుకోవాలి.

బ్యాటరీల గురించీ అందులోనే రాయించాలి. బస్సు లాగలేనంతగా బలం తగ్గిన బ్యాటరీలో కూడా చాలాసార్లు 70, 80 శాతం సత్తా మిగిలే ఉంటుంది. దాన్ని తుక్కుకి పంపకుండా అదే డిపోలో పెట్టి, పగలు పైకప్పు నుంచి వచ్చే కరెంటు దాచి రాత్రి బస్సులకి ఇవ్వొచ్చు. అది ఎవరి ఆస్తి, ఎవరు తీసుకెళ్లాలి, ఎవరు భద్రం చేయాలి అన్నది బస్సులు రాకముందే తేలాలి. పాత ఉద్యోగుల సంఘంలో మేం కొందరం ఈ మూడు విషయాలూ, మధ్యాహ్నం ఛార్జింగ్, శిక్షణ, పాత బ్యాటరీలు, ఒక అర్జీగా రాస్తున్నాం. కరెంటు పని తెలిసిన నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లెవరైనా ఉంటే లెక్కలు ఒకసారి చూసి పెట్టండి.