కోహా ముందు కూర్చుని చదివిన నెట్: లైబ్రరీ సైన్స్ అభ్యర్థుల కోసం నా అనుభవం

లైబ్రరీ సైన్స్‌లో నాకు యూజీసీ నెట్ (జాతీయ స్థాయి అర్హత పరీక్ష) వచ్చిందని తెలిసిన దగ్గర నుంచి జూనియర్లు ఫోన్ చేసి మొదట అడిగే మాట ఒకటే. "అక్కా, ఏ పుస్తకం చదివినవ్?" పుస్తకాల పేర్లు చెప్పడం తేలికే, అవి మీ అందరి దగ్గరా ఉన్నవే. నాకు మార్కులు ఎక్కువగా తెచ్చిపెట్టింది మాత్రం పనిచేస్తూ నేర్చుకున్న కోహా లాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు, వెళ్లొచ్చిన వర్క్‌షాపులు, రాత్రి పూట కూర్చుని పూర్తి చేసిన ఆన్‌లైన్ కోర్సులు. వృత్తి శిక్షణ ఒకటి, పరీక్ష చదువు ఒకటి అని విడదీసుకుంటే మన సబ్జెక్టులో రెండింతల కష్టం. రెండూ కలిపి నడిపించుకోవచ్చు, అట్లా నడిపిస్తేనే చదివింది గుర్తుంటుంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది పరకాల దగ్గర పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియం. లైబ్రరీ సైన్స్ డిగ్రీలు బీఎల్ఐఎస్సీ, ఎంఎల్ఐఎస్సీ రెండూ దూరవిద్యలోనే చేశాను. హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో అసిస్టెంటుగా చేస్తూ ప్రిపేరయ్యాను. మన దిక్కు ఈ కోర్సు చదివేవాళ్లలో చాలామంది ఇట్లాంటి వాళ్లే: అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో ఇగ్నోలోనో చదివి, చిన్న జీతానికి సర్క్యులేషన్ కౌంటర్ మీద కూర్చుని, సాయంత్రం బస్సులో నోట్స్ తిరగేసేవాళ్లు. రెగ్యులర్‌గా యూనివర్సిటీ డిపార్ట్‌మెంటులో చదివినవాళ్లకు ప్రాక్టికల్స్ దొరుకుతాయి. మనకు అవి మనమే వెతుక్కోవాలి.

పరీక్ష సంగతి మీకు తెలిసిందే. మొదటి పేపరు 50 ప్రశ్నలు, 100 మార్కులు. సబ్జెక్టు పేపరు 100 ప్రశ్నలు, 200 మార్కులు. మొత్తం మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. మన సబ్జెక్టు కోడ్ 59. ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహించే రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష సెట్‌లో కూడా లైబ్రరీ సైన్స్ ఉంది. దానికి వేరే చదువు అక్కర్లేదు, నెట్‌కు చదివిందే సరిపోతుంది.

అసలు విషయానికి వస్తాను. సిలబస్‌లో ఆటోమేషన్, డిజిటల్ లైబ్రరీలు, మెటాడేటా (పుస్తకం గురించిన వివరాలు), నెట్‌వర్క్‌లు, ప్రమాణాలు అన్నీ కలిసి పెద్ద భాగం. గైడ్లలో అవి వాక్యాలుగా ఉంటాయి. "కోహా 1999లో న్యూజిలాండ్‌లో మొదలైంది, ఓపెన్ సోర్స్" అని ఉంటుంది. అంతవరకు బట్టీ పట్టవచ్చు. కానీ ప్రశ్న జతపరచమని వస్తుంది: కేటలాగు రికార్డుల ప్రమాణమైన మార్క్ 21లో 020 దేనికి, 082 దేనికి, 245 దేనికి, 650 దేనికి? బట్టీ పట్టినవాళ్లకు హాల్లో 245కు, 650కి మధ్య తికమక వస్తుంది. రోజూ కేటలాగు చేసినవాళ్లకు రాదు. ఎందుకంటే 020లో ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఉండే ప్రత్యేక సంఖ్య) కొడితేనే పని మొదలవుతుంది, 082లో డ్యూయీ వర్గీకరణ నంబరు పడితేనే పుస్తకం ఏ అరలోకి పోవాలో తెలుస్తుంది, 245లో పేరు పెట్టకపోతే రికార్డు సేవ్ కాదు, 650లో విషయ శీర్షిక వదిలేస్తే పిల్లలు వెతికినా పుస్తకం దొరకదు.

కోహా ఉచితం. పాత కంప్యూటర్‌లో ఉబుంటు వేసి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో కోహా పాఠాలు ఒక్కో మెట్టుగా ఉన్నాయి. వీడియో ఆపుకుంటూ, పక్కనే మన స్క్రీన్ మీద అదే పని చేసుకుంటూ పోవాలి. నేను మా ఇంట్లో ఉన్న పుస్తకాలతోనే ఒక చిన్న లైబ్రరీ కట్టుకున్నాను. సభ్యులుగా మా ఇంటివాళ్ల పేర్లు, ఇష్యూ, రిటర్న్, జరిమానా, రిజర్వేషన్ అన్నీ. జెడ్39.50 అంటే ఏమిటో పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదు. కోహాలో ఐఎస్‌బీఎన్ ఇచ్చి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి రికార్డు మొత్తం క్షణాల్లో దించుకున్న రోజు అర్థమైంది. ఆ తర్వాత కాపీ కేటలాగింగ్, ప్రోటోకాల్, సర్వర్, క్లయింట్ అన్న మాటలన్నీ వాటంతట అవే వరుసలో పడ్డాయి. రిపోర్టుల మాడ్యూల్ కోసం డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్ భాషలో నాలుగు వాక్యాలు నేర్చుకున్నాను, డేటాబేస్ ప్రశ్నలకు అదే పనికొచ్చింది.

థీసిస్‌లు, వ్యాసాలు డిజిటల్‌గా దాచే సాఫ్ట్‌వేర్ డీస్పేస్ కూడా ఇట్లాగే. 2002లో ఎంఐటీ, హెచ్‌పీ కలిసి తెచ్చారని చదువుకుంటాం. కమ్యూనిటీ, కలెక్షన్, ఐటమ్ అనే వరుస చేతితో కట్టి చూస్తే డబ్లిన్ కోర్ అనే మెటాడేటా ప్రమాణంలోని 15 అంశాలు ఒక్క పూటలో వచ్చేస్తాయి. ఇన్‌స్టాల్ చేయడం కోహా కంటే కష్టం. మీ వల్ల కాకపోతే దాని మీద పడి వారాలు పోగొట్టుకోకండి. ఏదైనా యూనివర్సిటీ రిపాజిటరీ తెరిచి, ఒక థీసిస్ పేజీలో పూర్తి మెటాడేటా రికార్డు చూసినా సగం పని అయినట్టే.

వర్గీకరణకు నా పద్ధతి ఇంకా సులువు. తెలుగు సాహిత్యానికి డ్యూయీలో 894.827. దాని తర్వాత కవిత్వానికి 1, నాటకానికి 2, నవలా కథలకు 3. మా లైబ్రరీలో తెలుగు బీరువా ముందు నిలబడి ఒక్కో పుస్తకం తీసి, వెన్నెముక మీద లేబుల్ చూడకుండా నంబరు కట్టి, తర్వాత సరిచూసుకునేదాన్ని. రంగనాథన్ రూపొందించిన కోలన్ వర్గీకరణ పద్ధతిలో తెలుగుకు 35. రెండు పద్ధతుల్లోనూ ఒకే పుస్తకానికి నంబరు కట్టి చూస్తే, ముందే కట్టిన నంబర్ల పట్టిక నుంచి తీసుకోవడానికీ విషయంలోని ముఖాలను (కోణాలను) కలిపి నంబరు నిర్మించడానికీ తేడా తెలుస్తుంది. ఆ ముఖాలకు మూలమైన పర్సనాలిటీ, మ్యాటర్, ఎనర్జీ, స్పేస్, టైమ్ మీద ప్రశ్న రాని ఏడాది అరుదు.

తెలుగు పేర్లతో పనిచేయడం మనకున్న పెద్ద అవకాశం అని నా నమ్మకం. మన రచయితలకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఒక పుస్తకం మీద పొడి అక్షరాలు, ఇంకో దాని మీద పూర్తి పేరు, మూడో దాని మీద కలం పేరు ఉంటాయి. ఒకే మనిషి కేటలాగులో ముగ్గురైపోతాడు. ఆ ముగ్గురినీ ఒక్కరిగా కలపడమే అథారిటీ కంట్రోల్. ఈ పని ఒక్క బీరువాకు చేసినా ఆ అధ్యాయం ఇక తెరవనక్కర్లేదు. పైగా మీరు వెళ్లిపోయాక కూడా ఆ లైబ్రరీకి ఆ పని మిగులుతుంది.

ఇక శిక్షణ ఎక్కడ దొరుకుతుంది అన్నది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూజీసీ వారి లైబ్రరీల నెట్‌వర్క్ కేంద్రం) మనకు పుట్టిల్లు లాంటిది. 1991లో కార్యక్రమంగా మొదలై 1996లో స్వతంత్ర కేంద్రమైంది. థీసిస్‌ల భాండారం శోధ్‌గంగ, కాలేజీలకు ఈ-వనరులిచ్చే ఎన్-లిస్ట్, లైబ్రరీ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ సోల్, పరిశోధకుల వివరాలుండే ఐరిన్స్ అన్నీ అక్కడివే. సోల్ మీదా, ఈ-వనరుల మీదా వాళ్లు శిక్షణలు పెడతారు, వివరాలు వాళ్ల సైటులో ఉంటాయి. మీ కాలేజీకి ఎన్-లిస్ట్ ఉంటే దాని మీద అవగాహన కార్యక్రమం పెట్టమని మీరే ప్రిన్సిపాల్ సార్‌ను అడగండి. ఢిల్లీలోని లైబ్రరీల నెట్‌వర్క్ డెల్‌నెట్ కూడా సభ్య లైబ్రరీల సిబ్బందికి కార్యక్రమాలు నడుపుతుంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్‌లో లైబ్రరీ సైన్స్ కోర్సులు వస్తుంటాయి. వినడానికి డబ్బు కట్టనక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్షకే రుసుము. ఈ-పీజీ పాఠశాల సైటులో మన సబ్జెక్టు పాఠాలు అంశాలవారీగా ఉన్నాయి. ఇగ్నో పాఠాలు ఈజ్ఞాన్‌కోశ్ సైటులో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు మీడియం వాళ్లు ముందు ఇగ్నో పాఠాలతోనే మొదలుపెట్టండి. ఇంగ్లిష్ సరళంగా ఉంటుంది, ఒక్కో యూనిట్ చివర ప్రశ్నలుంటాయి. పదజాలం అలవాటయ్యాక ఈ-పీజీ పాఠశాలకు వెళ్తే భయం ఉండదు.

వర్క్‌షాపులు ఏరుకోవడంలో మాత్రం గట్టిగా ఉండండి. ప్రకటన చూడగానే నేను రెండు విషయాలు చూస్తాను: చేతితో చేయించే గంటలు ఎన్ని, సిలబస్‌లో ఏ భాగానికి పనికొస్తుంది. రోజంతా ఉపన్యాసాలే ఉండి చివర సర్టిఫికెట్ ఇచ్చే వెబినార్ల వల్ల ఫోల్డర్ నిండుతుంది గానీ ఒక్క ప్రశ్నకు జవాబు రాదు. అదే రెండు రోజుల కోహా వర్క్‌షాప్ మన ల్యాప్‌టాప్ మీద చేయిస్తే దారి ఖర్చు పెట్టుకుని హైదరాబాద్ వెళ్లినా దండగ కాదు. సెలవు అడిగేటప్పుడు "నాకు పరీక్ష ఉంది" అనేకంటే "తిరిగొచ్చి మన లైబ్రరీలో ఈ పని చేసి చూపిస్తాను" అని రాసిస్తే మేనేజ్‌మెంట్ వింటుంది. చూపించాలి కూడా. నాతో పనిచేసిన సీనియర్ సార్ ఎప్పుడూ అనేవారు: "నేర్చుకున్నది పది మందికి చెప్పమ్మా, అప్పుడే నీకు పక్కా అయితది." నేను వచ్చి తోటి సిబ్బందికి చెప్పిన అంశాలేవీ మళ్లీ రివిజన్ చేయాల్సిన అవసరం పడలేదు.

చేతిపనితో రానిది ఒకటుంది: చట్టాలు, కమిటీలు, సంఘాలు, సంవత్సరాలు. కాలక్రమంలో పెట్టమనే ప్రశ్నలు దీని నుంచే వస్తాయి. ఇక్కడ మన ఊరినే పట్టుకున్నాను. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పుట్టింది. మూడేళ్లకు, 1904లో, హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు చోటు లేని కాలంలో మనవాళ్లు గ్రంథాలయాలు కట్టుకున్నారు. ఈ కథ తెలిసినవాళ్లకు 1955 హైదరాబాద్ పబ్లిక్ లైబ్రరీల చట్టం ఊరికే ఒక తేదీలా కనిపించదు. దాని ముందు 1948 మద్రాసు చట్టం, దాని కంటే ముందు 1945 కొల్హాపూర్, తర్వాత ఆంధ్ర, తెలంగాణ రెండు ప్రాంతాలకూ కలిపి 1960 ఆంధ్రప్రదేశ్ చట్టం. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతుందని చదివినప్పుడు, మా ఇంటి పన్ను రశీదు తీసి చూశాను. ఆ పైసలతో నడవాల్సిన జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనే ఆదివారాలు కూర్చుని చదివాను. గ్రూప్స్‌కు చదివే పిల్లలతో ఆ హాలు పొద్దున్నే నిండిపోతుంది. లైబ్రరీ సైన్స్ చదివే మనం ఆ హాల్లో ఒక్క గంట పుస్తకం మూసి, ఎవరు ఏం అడుగుతున్నారు, ఏది దొరక్క వెనక్కి పోతున్నారు అని గమనిస్తే యూజర్ స్టడీస్ అధ్యాయం కళ్ల ముందే నడుస్తుంది.

బిబ్లియోమెట్రిక్స్ (ప్రచురణలను లెక్కగట్టే అధ్యయనం) అంటే చాలామంది వణుకుతారు. లోట్కా సూత్రం 1926, బ్రాడ్‌ఫర్డ్ సూత్రం 1934 అని వల్లె వేయడం కంటే, ఒక విషయం మీద వంద వ్యాసాల వివరాలు జొటేరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లో దించుకుని ఎక్సెల్‌లో పత్రికలవారీగా లెక్కపెట్టండి. కొద్ది పత్రికల్లోనే ఎక్కువ వ్యాసాలు కుప్పపడటం మీకే కనిపిస్తుంది. అదే బ్రాడ్‌ఫర్డ్ చెప్పింది. రచయితలవారీగా లెక్కపెడితే లోట్కా. జొటేరో కూడా ఉచితమే, ఈ పనితో రిఫరెన్స్ మేనేజ్‌మెంట్ కూడా వచ్చేస్తుంది.

కొత్త పరిణామాలు వదలకండి. విద్యాసంస్థలకు పరిశోధన పత్రికలు అందించే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది, మూడేళ్లకు 6,000 కోట్లు, నిర్వహణ ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ది. ఇట్లాంటివి నెట్‌లో అడుగుతారు, ఇంటర్వ్యూల్లో అంతకంటే ఎక్కువగా అడుగుతారు. మొదటి పేపరు గురించి ఒక్క మాట: రీసెర్చ్, ఐసీటీ (సమాచార సాంకేతికత) భాగాలు మనకు సబ్జెక్టులోనే వస్తాయి. మిగిలిన సమయం డేటా ఇంటర్‌ప్రిటేషన్, రీజనింగ్‌కు పెట్టండి.

రాష్ట్రంలో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ల మధ్య ఏళ్లు గడుస్తాయి. 2022 డిసెంబర్ చివర వచ్చిన టీఎస్‌పీఎస్సీ నోటిఫికేషన్‌లో ఇంటర్, సాంకేతిక విద్య కలిపి 71 లైబ్రేరియన్ పోస్టులే. ఆ ఎదురుచూపులో చాలామంది చదువు మానేసి వేరే దారి పట్టడం నాకు బాధ కలిగిస్తుంది. ఎదురుచూసే కాలంలో నేర్చుకున్న నైపుణ్యాలే ప్రైవేటు కాలేజీల్లో, పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టు ఉద్యోగాలు తెచ్చిపెడతాయి. ఉద్యోగం వచ్చాక కూడా శిక్షణ ఆగదు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం కాలేజీ లైబ్రేరియన్‌కు మొదటి పదోన్నతికి 21 రోజుల ఓరియంటేషన్ కోర్సు ఒకటి, ఆటోమేషన్, డిజిటైజేషన్ మీద కనీసం 5 రోజుల శిక్షణ ఉండాలి.

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కు ఉండి వర్క్‌షాపులకు రాలేనివాళ్లు కోహాతోనే మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ లేకపోతే మీ కాలేజీ లైబ్రరీలో మూలన పడ్డ కంప్యూటర్ అడగండి, నేనూ మొదట అదే చేశాను. ఇన్‌స్టాలేషన్‌లో ఎక్కడ ఆగిపోయారో ఆ స్క్రీన్ ఫోటోతో సహా కింద రాయండి. పని అయిపోయాక రాత్రి కూర్చుని ఒక్కొక్కరికీ జవాబు ఇస్తాను.