ఎదుటి జట్టు వాళ్ల మధ్య ఒక సీటు

ఇంగ్లాండులో లీగ్ ఫుట్‌బాల్ చూడడానికి వెళ్లే అతిథి జట్టు అభిమాని ఎక్కడ కూర్చోవాలన్నది సీజను మొదలు కాకముందే తేలిపోయి ఉంటుంది. ప్రీమియర్ లీగ్ నిబంధనల ప్రకారం అతిథి జట్టుకు 3,000 టికెట్లు ఇవ్వాలి. స్టేడియంలో 30,000 మంది కూడా పట్టకపోతే మొత్తం సీట్లలో పదో వంతు ఇస్తే చాలు. 2016-17 నుంచి ఆ టికెట్టు ధర 30 పౌండ్లు మించడానికి వీల్లేదు. వాళ్లు వచ్చే గేటు వేరు, కూర్చునే మూల వేరు, మధ్యలో వల కప్పిన ఖాళీ సీట్లు, ఆ సీట్ల పక్కన బారుగా నిలబడే స్టీవార్డులు, అంటే మైదానం కాపలా సిబ్బంది, వేరు. ఆ మూలనే అవే ఎండ్ అంటారు. సీజనంతా వెంట తిరిగేవాళ్లు కావడం వల్ల అక్కడి ముఖాలు ఒకరికొకరికి ఎరుకే.

కప్ అంటే వేర్వేరు స్థాయుల జట్లు తలపడే, ఓడినవాళ్లు ఇంటిదారి పట్టే నాకౌట్ పోటీ. ఆ మ్యాచికి వచ్చేసరికి ఈ లెక్క మారిపోతుంది. ఎఫ్.ఏ. కప్‌లో అతిథి జట్టు స్టేడియం సామర్థ్యంలో 15 శాతం దాకా టికెట్లు కోరవచ్చు. అరవై వేల మంది పట్టే చోట అది 9,000 అవుతుంది. 2010 జనవరి 3న, అప్పటికి లీగ్‌లలో పైనుంచి మూడో అంచెలో ఆడుతున్న లీడ్స్ యునైటెడ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వెళ్లి మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించినప్పుడు దాదాపు తొమ్మిది వేల మంది లీడ్స్ అభిమానులు అక్కడే ఉండి చూశారు. 2017 మార్చిలో ఐదో అంచె జట్టయిన లింకన్ సిటీ క్వార్టర్ ఫైనల్లో ఆర్సెనల్ చేతిలో 5-0తో ఓడిపోయింది. ఆనాడూ ఇంచుమించు అంతమందే దాని వెంట లండన్‌కు తరలివచ్చారు. ఇన్ని టికెట్లు దొరుకుతున్నప్పుడు అతిథి అభిమాని ఎదుటి జట్టు వాళ్ల మధ్యకు వెళ్లి కూర్చోవలసిన అవసరం ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కాని అలా జరిగేది లీగ్‌లో కంటే కప్‌లోనే ఎక్కువ.

కారణం ఆతిథ్య జట్టు అభిమానుల సీట్లలోనే ఉంది. సీజను టికెట్టు సాధారణంగా లీగ్ మ్యాచిలకే పరిమితం. కప్ మ్యాచి పడితే ఆ సీటును మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కోవాలి. చలికాలపు మంగళవారం రాత్రి, ప్రత్యర్థి రెండు అంచెలు కిందిదై, తమ కోచ్ కూడా సగం మంది రిజర్వు ఆటగాళ్లనే దింపబోతున్నాడని తెలిసినప్పుడు చాలామంది ఆ డబ్బు ఖర్చు పెట్టరు. మిగిలిపోయిన సీట్లు సాధారణ అమ్మకానికి వస్తాయి. లీగ్ మ్యాచికి ఏళ్ల తరబడి ఎదురుచూసినా దొరకని సీటు ఆ ఒక్క రాత్రికి ఎవరికైనా దొరుకుతుంది, అతిథి జట్టు అభిమానికి కూడా. అవే ఎండ్ టికెట్లను అతని సొంత క్లబ్బు గతంలో ఎన్ని మ్యాచిలకు వచ్చారన్న పాయింట్ల వరుసలో అమ్ముతుంది కాబట్టి ఏడాదికొకసారి మాత్రమే రాగలిగినవాడు ఆ వరుసలో చివర ఉంటాడు. ఎదుటి జట్టు వెబ్‌సైటులోనైతే అతనికి నాలుగు నిమిషాల్లో టికెట్టు వచ్చేస్తుంది.

పెద్ద క్లబ్బు చిన్న మైదానానికి వెళ్లినప్పుడు ఇదంతా తలకిందులవుతుంది. ఐదు వేల మంది పట్టే చోట 15 శాతమంటే 750 టికెట్లు. దేశమంతటా అభిమానులున్న క్లబ్బుకు అవి ఏ మూలకు? ఆ చుట్టుపక్కల నివసించే పెద్ద క్లబ్బు అభిమానులకు తమ జట్టును గడప ముందే చూసే అవకాశం జన్మానికొకసారి వస్తుంది. అందుకే చిన్న క్లబ్బులు, ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే డ్రాలో ఇలాంటి జోడీ పడగానే, ఆ సీజనులో అంతకు ముందే తమ మ్యాచి టికెట్టు కొన్నట్టు రికార్డు ఉన్నవారికే అమ్ముతామని ప్రకటిస్తాయి. అది తెలిసిన కొందరు, డ్రాకు ముందే ఏదో ఒక మామూలు మ్యాచికి టికెట్టు కొని రికార్డు సంపాదించుకుంటారు. మొత్తం వ్యవహారంలో నాకు నవ్వు తెప్పించేది ఈ ఒక్క సంగతే.

నియమాల విషయానికి వస్తే దాపరికమేమీ లేదు. ఆతిథ్య అభిమానుల స్టాండులో అతిథి జట్టు రంగులు ధరించకూడదు. ఆ జట్టు అభిమాని అని తెలిస్తే బయటికి పంపించే హక్కు క్లబ్బుకు ఉంటుంది. ఇది క్లబ్బుల టికెట్టు నిబంధనల్లో ఏదో ఒక రూపంలో రాసే ఉంటుంది. ఇంగ్లాండులో 1994 నాటి చట్టం ఫుట్‌బాల్ టికెట్టును అనుమతి లేకుండా తిరిగి అమ్మడాన్నే నేరంగా పరిగణించింది. లాభం తీసుకోకుండా అసలు ధరకే అమ్మినా అది నేరమే. చేతులు మారిన టికెట్టు ఎవరిని తెచ్చి ఎవరి పక్కన కూర్చోబెడుతుందో తెలియదన్న భయమే ఆ చట్టానికి మూలం.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1960ల వరకూ చాలా మైదానాల్లో ఇరు పక్షాలూ కలిసే నిలబడేవి. సగం ఆట కాగానే తమ జట్టు దాడి చేయబోయే గోల్ వెనక్కి నడిచి వెళ్లడం కూడా మామూలుగా ఉండేది. 1970లలో కొట్లాటలు పెరిగిన కొద్దీ కంచెలు లేచాయి. 1985 మార్చి 13న ఎఫ్.ఏ. కప్ క్వార్టర్ ఫైనల్లో ల్యూటన్ మైదానానికి వచ్చిన మిల్వాల్ అభిమానులు సృష్టించిన విధ్వంసం తరువాత ల్యూటన్ క్లబ్బు 1986-87 నుంచి అతిథి అభిమానులను అసలు రానివ్వడమే మానేసింది. లీగ్ మ్యాచిల్లో దాన్ని సహించారు కాని లీగ్ కప్ అనే మరో నాకౌట్ పోటీలో సహించలేదు. అతిథి అభిమానులకు చోటివ్వనందుకు ల్యూటన్‌ను ఆ సీజను పోటీ నుంచే తొలగించారు. కప్‌లో ఇరు జట్ల అభిమానులకూ చోటుండాలన్న పాత నమ్మకం ఎంత గట్టిదో ఆ నిర్ణయం చూస్తే తెలుస్తుంది. మిల్వాల్ గొడవ జరిగిన 1985లోనే మే 29న బ్రసెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో, యూరోపియన్ కప్ ఫైనల్ రోజున, తటస్థ ప్రేక్షకులకని కేటాయించిన జెడ్ బ్లాకు టికెట్లు చాలావరకు యువెంటస్ అభిమానుల చేతికి చేరాయి. లివర్‌పూల్ అభిమానులకూ వాళ్లకూ మధ్య ఉన్న అడ్డు నామమాత్రపు కంచె. లివర్‌పూల్ వాళ్లు దాన్ని దాటి దూసుకువచ్చినప్పుడు జరిగిన తొక్కిసలాటలో, గోడ కూలడంలో 39 మంది చనిపోయారు.

వీటితో పాటు హిల్స్‌బరో స్టేడియం దుర్ఘటనను కూడా ఒకే వరుసలో చెప్పేవాళ్లున్నారు. అది తప్పు. 1989 ఏప్రిల్ 15న ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్ రోజు మొదలైన ఆ విషాదం 97 మందిని బలి తీసుకుంది. దానికి అభిమానుల ఘర్షణ కారణం కాదు, జనాన్ని నడిపించడంలో పోలీసులు చేసిన తప్పిదాలు కారణం, కదలడానికి వీల్లేకుండా చేసిన కంచెలు కారణం. అయితే దాని తరువాత వచ్చిన టేలర్ నివేదిక మా ఈ సమస్యను పరోక్షంగా మార్చేసింది. పై రెండు అంచెల స్టేడియాల్లో నిలబడే టెర్రస్‌లు పోయి అందరికీ సీట్లు వచ్చాయి. ప్రాణభద్రత కోసం అది అవసరమే, దాన్ని నేను కాదనను. కాని టెర్రస్ మీద పక్కవాడు నచ్చకపోతే నాలుగడుగులు పక్కకు జరిగిపోవచ్చు. తనలాంటి వాళ్ల గుంపు ఎక్కడుందో చూసుకుని అటు చేరుకోవచ్చు. నంబరున్న సీటులో ఆ వీలు లేదు. ఎవరి పక్కన పడితే వారి పక్కనే తొంభై నిమిషాలు గడపాలి. తగువు మొదలైతే తప్పుకునే దారి కూడా పదిమంది మోకాళ్లను దాటుకుంటూ పోయేదే.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉందని నాకనిపిస్తుంది. ఎదుటి జట్టు అభిమాని పక్కన ఉండడం వల్ల కాదు, అతనెవరో తెలియకుండా ఉండడం వల్లనే కోపం పుడుతుంది. 1984 మార్చి 25న వెంబ్లీలో ఒకే నగరానికి చెందిన లివర్‌పూల్, ఎవర్టన్ జట్లు లీగ్ కప్ ఫైనల్ ఆడినప్పుడు ఎర్ర స్కార్ఫులు, నీలం స్కార్ఫులు ఒకే వరుసలో కలిసి కూర్చున్నాయి. ఒకే ఇంట్లోని అన్నదమ్ములు చెరో రంగుతో వచ్చారు. గోల్ లేకుండా ముగిసిన ఆ ఆట చివర ఇరుపక్షాలూ కలిసి తమ ప్రాంతం పేరునే నినాదంగా ఎత్తుకున్నాయి. అక్కడ ఎవరూ దేనినీ దాచలేదు. 2017 సెప్టెంబరు 14న ఆర్సెనల్ మైదానంలో యూరోపా లీగ్ మ్యాచికి జర్మనీలోని కొలోన్ క్లబ్బుకు 2,900 టికెట్లే ఇస్తే, ఇరవై వేల మంది దాకా లండన్ వచ్చి, అందులో చాలామంది ఆర్సెనల్ అభిమానుల సీట్లలో కూర్చున్నారు. వీధుల్లో, గేట్ల దగ్గర గందరగోళం వల్ల ఆట గంట ఆలస్యమైంది. కాని లోపలికి వెళ్లినవాళ్లు తమ ఎర్ర తెలుపు రంగులతోనే ఉన్నారు, తమ పాటలే పాడారు, మొదటి గోల్ పడినప్పుడు బాహాటంగా గంతులేశారు. పక్కవాళ్లకు ఆశ్చర్యం కలిగి ఉండవచ్చు కాని మోసపోయినట్టు అనిపించే అవకాశం లేదు.

రంగులు వేసుకోరాదన్న నియమం చేసే పని ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది ప్రత్యర్థి అభిమానిని ఆపలేదు. ప్రత్యర్థి అని తెలియనివ్వకుండా మాత్రం చేస్తుంది. మామూలు నల్ల కోటుతో వచ్చి, పక్కవాళ్లతో వాతావరణం గురించి మాట్లాడి, ఎనభై తొమ్మిదో నిమిషంలో ఒక్కసారిగా లేచి అరిచే మనిషిని చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అప్పటిదాకా అతని ముందు తమ కోచ్‌ను తిట్టుకున్నారు, తమ ఆటగాళ్ల గురించి ఇంటివాళ్లతో అన్నట్టు మాట్లాడారు. ఆ మాటలన్నీ పరాయివాడి చెవిన పడ్డాయన్న బాధ ఆ కోపంలో సగం ఉంటుంది.

ఆతిథ్య క్లబ్బును అభిమానించే మిత్రుడొకడు రెండు టికెట్లు కొని నన్ను పిలిచినప్పుడు అలాంటి సీటులో నేనూ కూర్చున్నాను. "నువ్వు నోరు మెదపకు. గోల్ పడితే ఫోన్ చూసుకో. నా పరువు తీయకురా," అని గేటు దాకా చెబుతూనే వచ్చాడు. గోల్‌ను దాచుకోవడం కష్టమని అందరూ అంటారు, నా అనుభవంలో అది అంత కష్టం కాదు. ఎప్పుడో ఒకప్పుడు రావచ్చని మనసు సిద్ధంగానే ఉంటుంది. అసలు పట్టించేవి చిన్న చిన్న సంగతులు. మన గోల్‌కీపరు చేతిలోంచి బంతి జారబోయినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఆశతో లేస్తారు, మనం భయంతో సీటులోకి ఒదుగుతాం. వాళ్ల ఫార్వర్డు బంతిని బారు పైకి కొట్టినప్పుడు అందరూ తల పట్టుకున్నాక అర సెకను ఆలస్యంగా మనమూ పట్టుకుంటాం. నా ఎడమ పక్కన కూర్చున్న పెద్దాయన రెండో సగం మొదలైన కాసేపటికి, ఆట మీంచి చూపు తిప్పకుండానే, "మీరు వాళ్ల తాలూకేనా?" అని మెల్లగా అడిగారు. ఎలా కనిపెట్టారని అడిగితే, "మా జట్టు దాడి చేస్తుంటే అందరూ బంతిని చూస్తున్నారు, మీరు మాత్రం మీ డిఫెండర్లు ఎక్కడున్నారో చూస్తున్నారు," అన్నారు. ఆ తరువాత మేమిద్దరం ఆట గురించి హాయిగా మాట్లాడుకున్నాం. దాపరికం పోయాక ఇక ఇబ్బంది పడడానికి ఏమీ మిగలలేదు. అయితే ఆయన స్థానంలో పాతికేళ్ల కుర్రాడు, అతని వెనుక అతని స్నేహితులు ఇంకో ఆరుగురు ఉండి ఉంటే కథ ఇలాగే నడిచేదని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆతిథ్య అభిమానుల ఫిర్యాదులోనూ న్యాయముంది. 2022 ఏప్రిల్ 14న బార్సిలోనా మైదానమైన కాంప్ నౌలో జర్మన్ క్లబ్బు ఐంట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌కు కేటాయించినవి ఐదు వేల టికెట్లు. వచ్చి కూర్చున్న వాళ్ల అభిమానులు ముప్ఫై వేలని అంచనా. బార్సిలోనా క్లబ్బు సభ్యులే తమ టికెట్లను అమ్ముకోవడంతో స్టాండులకు స్టాండులే తెల్ల చొక్కాలతో నిండిపోయాయి. బార్సిలోనా 3-2తో ఓడి పోటీ నుంచి తప్పుకుంది. సొంత మైదానంలో పరాయివాళ్లయిపోయిన ఆ క్లబ్బు అభిమానులకు కలిగిన అవమానాన్ని క్రీడాస్ఫూర్తి మాటలతో కొట్టిపారేయలేం. అక్కడ నాకు తప్పుగా తోచేది సీటు కొన్నవాడికంటే అమ్మినవాడు.

కలిసి కూర్చోవడం ఇప్పటికీ సాధ్యమేనని నిరూపించేవి చిన్న మైదానాలే. ఎఫ్.ఏ. కప్ తొలి అర్హత రౌండ్లలో చాలా చోట్ల విభజనే ఉండదు. రెయిలింగు మీద చేతులు ఆనించి ఇరుపక్షాలూ పక్కపక్కనే నిలబడతాయి, విరామంలో పాతకాలంలాగానే ఎండ్‌లు మారతాయి. జనం తక్కువ, కదలడానికి చోటు ఎక్కువ, ఎవరి రంగు వారి మెడలోనే ఉంటుంది. పెద్ద స్టేడియాల్లో ఇదంతా తిరిగి తేవడం కుదరదు గాని, ఫుల్హామ్ క్లబ్బు తన పట్నీ ఎండ్‌లో చాలాకాలం నడిపిన తటస్థ విభాగం లాంటిది కప్ రాత్రుల్లో ఒక బ్లాకు మేరకైనా పెట్టవచ్చు. చెరో జట్టును అభిమానించే భార్యాభర్తలు, మిత్రులు, పిల్లలతో వచ్చినవాళ్లు తమ రంగులు తొడుక్కునే అక్కడ కూర్చుంటారు. స్థానిక వైరం ముదిరిన జోడీలకు మాత్రం ఇది వద్దు. 2024 జనవరిలో వెస్ట్ బ్రోమ్, వుల్వ్స్ కప్ మ్యాచి ప్రేక్షకుల ఘర్షణతో అరగంటకు పైగా ఆగిపోయింది. అలాంటి చోట ఖాళీ సీట్ల మీది వలలు ఉండవలసిందే.

ఈ మధ్య ఇంకో మార్పు వచ్చింది. 2024-25 నుంచి ఎఫ్.ఏ. కప్ ప్రధాన పోటీలో రీప్లేలు, అంటే సమంగా ముగిసిన మ్యాచిని మరో రోజు మళ్లీ ఆడడం, రద్దయ్యాయి. ఇదివరకు ఆట సమంగా ముగిస్తే రహస్యంగా కూర్చున్న అభిమాని ఊపిరి పీల్చుకుని, రీప్లే తన మైదానంలోనే కదా అనుకుంటూ ఇంటిదారి పట్టేవాడు. ఇప్పుడు అదనపు సమయం ముప్ఫై నిమిషాలూ, ఆపైన పెనాల్టీలూ చుట్టూ ఉన్నవాళ్లతోనే గడపాలి. ఒక్కో పెనాల్టీకి అందరూ లేచినప్పుడు తానూ లేవాలి, వాళ్ల ఆటగాడు తప్పినప్పుడు వాళ్లలాగే మొహం పెట్టాలి. అందుకే నా మిత్రుడు మళ్లీ పిలిస్తే వస్తానన్నాను కాని ఒక షరతు పెట్టాను: వరుసలో చివరి సీటు, మెట్ల పక్కన.